లసుమవ్వ కట్టిన రాగం

నాకు పేరు తెచ్చిన పాటను ఎవరన్నా మెచ్చుకుంటే నవ్వుతా. దండం పెడుతా. లోపల మాత్రం కుంగిపోత. సినిమాలకు సంగీతం చేసి బతికినోన్ని, గీ బరువును ఎన్నేండ్ల సంది మోస్తున్ననో నాకే ఎరుక. మీరు నన్ను ఎరుగరు. అందుకే మీకు చెప్తున్న.

మాది ఆర్మూర్. ఎనభైలల్ల భజనలకు హార్మోనియం వాయించెటోన్ని. మా గోడ పక్క ఇల్లు లసుమవ్వది. నేను పెద్దమ్మా అని పిలిచెటోన్ని. ఆమె బీడీలు చేసి బతికేది. ఆమె ఒక్కగానొక్క బిడ్డ జమున జ్వరమొచ్చి దవాఖానల సచ్చిపోయింది. అప్పటి సంది లసుమవ్వ బీడీలు చుట్టుకుంట ఒక పాట పాడేది. మాటలు ఎక్కువ లేవు. బిడ్డ పేరు, పండుకోమనుడు, గంతే. రాగం మాత్రం మెల్లగ పైకి పోయి, సగంలనే ఇరిగినట్టు కిందికి దిగేది. నేను గోడకు ఇవతల కూసొని దాన్ని హార్మోనియం మీద పట్టుకునేటోన్ని.

తొంభైలల్ల, మద్రాసుల మస్తు తిరిగినంక, సొంతంగ ఒక సినిమా దొరికింది. ప్రొడ్యూసర్‌కు ఊపున్న డ్యాన్స్ పాట కావాలె. నేను చేసిన బాణీలన్నీ వద్దన్నడు. ఇంకొకన్ని పెట్టుకుంటనన్నడు. గప్పుడు నా వేళ్లు వాటంతట అవే లసుమవ్వ పాట మీదికి పోయినయి. వాటంతట అవేనా? కాదు. నేనే పోనిచ్చిన. వేగం పెంచిన, దరువు ఏసిన. సచ్చిపోయిన పిల్ల కోసం తల్లి ఏడ్చిన ఏడుపు మీద హీరోయిన్ నడుము తిప్పింది.

పాట హిట్టయింది. గా ఎండకాలం ఇంటికి వస్తే పసుపు మార్కెట్ల, హోటళ్లల్ల, బస్టాండుల అదే పాట. నన్ను చూడొచ్చినోళ్లతోని ఇల్లు నిండింది. లసుమవ్వ గడప కాడనే నిలబడ్డది.

“కొడుకా, గా పాట మా జమున పాట లెక్కనే ఉన్నది గదా?”

కోపం లేదు. అడిగింది, గంతే. ఔనంటే ఏమయ్యేది? సంబురపడేదేమో. అందరు నా మొఖమే చూస్తున్నరు.

“గసొంటి రాగాలు అంతట ఉంటయి పెద్దమ్మా. నువ్వే రేడియోల ఏడనో విన్నట్టున్నవ్.”

ఆమె తల ఊపింది. “గట్లనే కావచ్చు బిడ్డా. నీకెరుకైనంత నాకేమెరుక. నేనే నాదనుకున్న.”

ఆమె మళ్ల పాడలేదని తర్వాత మా అమ్మ చెప్పింది. ఎందుకో అమ్మకు సమజు కాలే. పాట ఎత్తుకపోవుడు ఒక తప్పు. నీ ఏడుపు నీది కాదని ఒక తల్లిని నమ్మించుడు? దానికి ఏం పేరు పెట్టాలె? నిజం చెప్దామని ఒకసారి బయలెల్లిన. ఆర్మూర్ ఇంక జరంత దూరముందనంగ మాక్లూర్ల బస్సు దిగి ఎనుకకు మళ్లిన. ఇంకోసారి పోదామనుకునేసరికి ఆమె లేదు.

ఇప్పుడు ఎవలికి చెప్పాలె? పాటను వాపసు తీసుకుందామంటే అది నా చేతుల లేదు. పెండ్లి బరాతులల్ల పిల్లలు దానికి ఎగురుతున్నరు. ఆపుమని ఎట్ల అంట? నన్ను మాఫ్ చేయుమని మిమ్మల్ని అడుగుతలేను. మాఫ్ చేసేటామె పోయింది. ఒక్క మాట నా నోటితోని బయటికి రావాలె, గంతే.

గా రాగం లసుమవ్వ కట్టింది. నేను కాదు. గడప కాడ ఆమె అడిగిననాడు గూడ నాకది ఎరుకే.