అన్నం వేళకు ఆగిన మిషన్

దయ్యాలను నేను ఏనాడూ నమ్మలేదు. సూర్యాపేట బజారులో మాది స్టీలు సామాను దుకాణం. తాత కూర్చున్న గల్లాపెట్టె వెనకే నాన్న కూర్చున్నాడు, ఇప్పుడు నేను కూర్చుంటున్నాను. అక్కడ పెరిగినవాడికి ఎదుటి మనిషి చెప్పేదాంట్లో సగం కొట్టేసి వినడం అలవాటైపోతుంది. దయ్యం కథ చెబితే ఆ మిగతా సగం కూడా ఉంచేవాణ్ణి కాదు. డాక్టరు జ్వరం ఎంతుందో చెప్పినా కొంచెం తగ్గించమంటానని మా ఇంట్లో వెక్కిరిస్తారు. ఆ మాట అబద్ధం కాదు.

అలాంటివాణ్ణి ఇది రాస్తున్నాను. నమ్మమని అడగను. చూసింది చూసినట్టు చెబుతాను.

మా అక్క కోదాడలో ఉంటుంది. పిల్లలు లేరు. బట్టలు కుడుతుంది. మా బావ మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లులో రాత్రి డ్యూటీ చేసేవాడు. కరెంటు పోయినప్పుడల్లా అక్క మోటారు మిషన్ ఆగిపోతోందని, ఇంటి మీద సోలార్ పలకలు పెట్టించి మెట్ల కింద లిథియం బ్యాటరీ బిగించాడు. ముందు గదికి వచ్చే కరెంటు లైను తీసేసి, అక్కడి ఫ్యాను, లైటు, మిషను అన్నీ దాని మీదే నడిచేలా చేశాడు. బ్యాటరీ బేరం చేసింది నేనే. చివరికి ఆ షాపతను దండం పెట్టి, "వైర్లు గూడ పట్టుకపోండి సేటు, మళ్ళ మాత్రం రాకండి" అన్నాడు.

ఆ బ్యాటరీ లోపల ఒక చిన్న బోర్డు ఉంటుంది. ఫోనులో యాప్ పెట్టుకుంటే బ్లూటూత్ ద్వారా ఆ బోర్డుతో కలవవచ్చు. ఏ సెల్లులో ఎంత చార్జింగు ఉందో చూడవచ్చు. బ్యాటరీ నుంచి కరెంటు రాకుండా ఆపవచ్చు, మళ్ళీ వదలవచ్చు. ఆ యాప్ బావ ఫోనులో మాత్రమే ఉండేది. అక్క దాని జోలికి పోయేది కాదు.

పోయిన చలికాలం, డ్యూటీ దిగి బండి మీద వస్తూ, మంచులో ఆగి ఉన్న లారీని గుద్దుకుని బావ చనిపోయాడు. ఆయన ఫోనును పోలీసులు ప్లాస్టిక్ కవరులో వేసి ఇచ్చారు. అక్క దాన్ని బీరువాలో పెట్టింది.

దినాలయ్యాక మా దగ్గరికి వచ్చి ఉండమన్నాం. రాలేదు. పొద్దున మిషన్ ముందు కూర్చుంటే చీకటి పడేదాకా లేచేది కాదు. తిన్నావా అంటే తిన్నా అనేది. ఊరందరి జాకెట్లు కొలతకు కుట్టే మనిషి, తన జాకెట్టు భుజాల మీంచి జారుతున్నా పట్టించుకోలేదు. ఇట్లాగే ఉంటే ఈమె కూడా దక్కదని నాకు భయం పట్టుకుంది.

ఎండాకాలం పెళ్ళిళ్ళ ముందు అక్క ఫోను చేసింది.

"తమ్ముడూ, బ్యాటరీ ఖరాబైనట్టున్నది. మధ్యాన్నం కాంగనే మిషన్ ఆగిపోతున్నది. జర ఎవర్నన్న తీసుకొని రా."

సోలార్ పని చేసే సైదులును నా బండి మీద ఎక్కించుకుని పోయాను. తీసుకుపోయేది నేనే కదా అని దారి పొడుగునా వాడి చార్జీ తగ్గిస్తూనే ఉన్నాను.

సైదులు బ్యాటరీ మూత విప్పి ఒక్కో సెల్లుకు మీటరు పెట్టి చూశాడు. ఒక్క సెల్లు వెనకబడినా బోర్డు మొత్తం బ్యాటరీని ఆపేస్తుందట. ఏదీ వెనకబడలేదు. వైర్ల నట్లన్నీ బిగించాడు. చేయి పెట్టి వేడి చూశాడు. తన ఫోనులో యాప్ తెరిచి బోర్డుతో కలిపాడు. బోర్డు తనంతట తాను ఆపి ఉంటే ఎందుకు ఆపిందో అందులో కనబడుతుందట. ఏమీ కనబడలేదు.

"బ్యాటరీ బంగారం లెక్కున్నది సేటు. ఎవరో ఫోన్ల నుంచే ఆపుతున్నరు," అన్నాడు. యాప్‌లో ఒక మీట నొక్కి చూపించాడు. కుడుతున్న మిషన్ టక్కున ఆగింది. మళ్ళీ నొక్కితే కదిలింది.

"రోజు గిట్లనే ఆగుతది," అంది అక్క. ఆ తర్వాత మా మొహాలు చూడకుండా సూదిలో దారం ఎక్కించుకుంది.

మధ్యాహ్నమైంది. సైదులు యాప్ మూసేసి సామాను సర్దుకుంటుంటే మిషన్ ఆగింది. ఫ్యాను కూడా నిలిచిపోయింది. వాడు గబగబా ఫోను తీసి వెతికాడు. ఇంతకుముందు కనబడిన బోర్డు పేరు ఇప్పుడు లేదు.

"ఒకసారికి ఒక్క ఫోనుకే దొరుకుతది సేటు. ఇంకేదో ఫోను పట్టుకున్నది దీన్ని."

ఎంత దూరం నుంచి అని అడిగాను.

"గీ ఇంట్లనే ఉండాలె. గోడలు దాటితే అందదు."

నా ఫోను, అక్క ఫోను స్విచాఫ్ చేశాను. ఇంటికి ఒక పక్క ఖాళీ జాగా. రెండో పక్క ఇంటివాళ్ళు అనంతగిరిలో పెళ్ళికి పోయారు, తాళం వేసి ఉంది. ఇక మిగిలింది బావ ఫోను. బీరువా తీయించాను. దాని అద్దం పొడిపొడిగా ఉంది. వెనక మూత లేదు, లోపల ఉండాల్సిన బ్యాటరీ కూడా లేదు.

"ఇదిప్పుడు ఫోను గాదు సేటు," అని సైదులు మెల్లగా కవరులో పెట్టేశాడు.

అక్క లేచి, "అన్నం తిందాం రండి," అంది.

ముగ్గురం వంటింట్లో కూర్చున్నాం. నా పట్టు మీద ఆమె కూడా పెట్టుకుంది. చేతులు కడుక్కుంటుంటే ముందు గదిలో ఫ్యాను తిరుగుతున్న చప్పుడు వినబడింది. సైదులు ఫోనులో మళ్ళీ బోర్డు పేరు కనబడింది.

అప్పుడు చెప్పింది అక్క.

"డ్యూటీ నుంచి వచ్చి పండుకొని మధ్యాన్నం లేచేటోడు. తిందాం రావే అంటే, ఈ జాకెట్టు చెయ్యొక్కటి కుట్టి వస్త అనేదాన్ని. నేను లేకుంట తినడు. లోపలి అర్ర నుంచి బ్యాటరీకి అందదని మెట్ల కింద నిలబడి ఫోన్ల మీట నొక్కేటోడు. మిషన్ ఆగుతది. తిట్టుకుంట పోతే, 'సూర్యుడే బంద్ జేసిండు, నేనేం జేయాలె, అన్నం పెట్టు' అని నవ్వేటోడు."

కంచాలు ఒకదాని మీద ఒకటి పెట్టింది.

"ఇప్పుడు గూడ గంతే. నేను తింటేనే కరెంటు వస్తది. ఒకరోజు తినకుంట పండుకున్న. పొద్దుమూకినా రాలే."

ఆ మాట కూడా నేను నమ్మలేదు. బావ ఫోనును సూర్యాపేట తీసుకుపోయి దుకాణంలో పెట్టి తాళం వేశాను. మర్నాడు పనులు మానుకుని ఒక్కణ్ణే వచ్చి అక్క ఇంట్లో కూర్చున్నాను. మధ్యాహ్నం మిషన్ ఆగింది. తినకుండా ఊరికే కంచం ముందు కూర్చోమన్నాను. రాలేదు. రెండు ముద్దలు తిని లేవమన్నాను. రాలేదు. పోయిన మనిషితో కూడా బేరమాడినవాణ్ణి నేనొక్కణ్ణే అయ్యుంటాను. అక్క కడుపునిండా తిన్నాక వచ్చింది.

సైదులుకు చెప్పాను. బ్లూటూత్ లేని బోర్డు పెడితే ఇక ఏ ఫోనూ దాన్ని పట్టుకోలేదన్నాడు. అక్కను అడిగాను. వద్దంటుందనుకున్నాను. నిజం చెప్పాలంటే వద్దంటే బాగుండుననిపించింది. రోజుకు ఒక పూటన్నా తింటున్నది దాని వల్లనే.

అక్క మెట్ల వైపు చూస్తూ కూర్చుంది.

"మార్చెయ్ తమ్ముడూ," అంది చివరికి. "రాత్రంత డ్యూటీ జేసిన మనిషి. నేను తినలేదని ఎన్నాళ్ళు గాడ నిలబడతడు. పోనియ్."

సైదులు బోర్డు మార్చాడు. పనంతా అయ్యేదాకా అక్క మెట్ల దగ్గరికి రాలేదు.

ఆ మధ్యాహ్నం మిషన్ ఆగలేదు. ఆ వేళకు అక్క చేతులే ఆగిపోయాయి. తలెత్తి ఫ్యాను వైపు చూసింది. తిరుగుతూనే ఉంది. కొంతసేపు అలాగే చూసి, మళ్ళీ తల దించి కుట్టుకుంది.

బోర్డులోనే ఏదో లోపం ఉండి ఉంటుందని సైదులు ఇప్పటికీ అంటాడు. ఉండవచ్చు. లోపం ఉన్న బోర్డు మిషన్‌ను ఆపగలదు, ఒప్పుకుంటాను. మా అక్క తిన్నదో లేదో దానికెట్లా తెలిసిందని అడిగితే వాడు మాట మారుస్తాడు. ఎన్ని రకాలుగా ఆలోచించినా నాకూ తెగలేదు.

ఇప్పుడు రోజూ మధ్యాహ్నం గిరాకీని కూర్చోబెట్టి అక్కకు నేను ఫోను చేస్తాను. తిన్నావా అని అడుగుతాను.

"తింటున్న తమ్ముడూ," అంటుంది.

ఆ మాట వెనక మిషన్ చప్పుడు వినబడుతూనే ఉంటుంది.