అత్తగారి వైపు అద్దం

మా అత్తగారు పోయి రెండు నెలలు దాటింది. పుష్యమాసంలో, మంచు ఇంకా విడవని పొద్దున, ఒంగోలు పది పన్నెండు కిలోమీటర్లు ఉందనగా, మా కారు వెనక సీటులో నా భుజం మీద తల వాల్చి పోయారు. ఊళ్ళో అందరూ ఆస్పత్రిలో పోయారనే అనుకుంటున్నారు. మా ఆయన అలా చెప్పారు, నేనూ కాదనలేదు. ఆవిడ ఆస్పత్రి దాకా చేరలేదు. ఈ సంగతి ముందు చెప్పకపోతే తర్వాత రాసేదంతా అబద్ధమవుతుంది.

నేను ఐదో తరగతితో చదువు మానేశాను. పెళ్ళయి దర్శి దగ్గర ఈ ఊరికి వచ్చేనాటికి నలుగురిలో నాకు మాట పెగిలేది కాదు. దాహమేసినా అడగకుండా కూర్చునేదాన్ని. అత్తగారికి అక్షరం రాదు. అన్నాలయ్యాక అరుగు మీద మంచం వాల్చుకుని, పేపరు నా చేతికిచ్చేవారు.

"గట్టిగా చదువు. చావిట్లో గేదెక్కూడా వినపడాల."

నేను గొణిగితే ఎదురింటి వైపు తిరిగి, "ఏమన్నా వినపడిందా వదినా?" అని కేకేసేవారు.

"నీ దగ్గు తప్ప ఏం వినపళ్ళా" అనేది ఎదురింటావిడ.

నాకు సిగ్గుతో చెమటలు పట్టేవి. కానీ రోజూ చదివించారు. ఇవాళ ఈ నాలుగు ముక్కలు రాయగలుగుతున్నానంటే ఆ అరుగు మీద నేర్చిందే.

ఆవిడకి ఉబ్బసం. ఆ దగ్గు కోసమే మా ఇంట్లో మిరప వేయడం మానేసి పత్తికి మారారు. ఊరంతా మిరప కల్లాలతో ఎర్రబడినా మా కల్లం మటుకు తెల్లగా ఉండేది. తాలింపు పెట్టాలంటే ఆవిడ దొడ్లోకి వెళ్ళిందాకా ఆగేదాన్ని. ఒకసారి ఆయాసం ముదిరితే సెంటర్లో బస్సు కోసం గంటసేపు నిలబడ్డాం. వచ్చిన బస్సులో కాలు పెట్టే చోటు లేదు. చివరికి ఎవరిదో ట్రాక్టరులో, పత్తి మూటల మీద కూర్చోబెట్టి దర్శి చేర్చాం. ఆ నూగు ముక్కులో పడి ఆవిడ మరింత ఎగపోశారు. నాలుగు రోజుల తర్వాత ఇంటికొచ్చి, కాళ్ళు కడుక్కోకముందే కొడుకుతో అన్నారు:

"ఒరేయ్ అబ్బాయ్, నేను చచ్చేదేదో సీట్లో కూచుని చస్తా. ఒక చిన్న కారు చూడు. పాతదైనా సరే."

ఆ మాట ఇప్పుడు తలుచుకోవాలంటే భయమేస్తోంది.

ఫాల్గుణంలో కబురొచ్చింది, గుంటూరు మిరప యార్డు దగ్గర కమీషన్ కొట్టాయన తన చిన్న కారు అమ్ముతున్నాడని. దర్శిలో మా ట్రాక్టరు బాగుచేసే మెకానిక్కుని వెంటబెట్టుకుని వెళ్ళాం. నన్నెందుకని మా ఆయన అంటే, "వెనక సీట్లో నా పక్కన కూచునేది నువ్వా, అదా? అది చూడాల" అన్నారు అత్తగారు.

అవి మంచి సీజను రోజులు. యార్డు చుట్టుపక్కల గాలి పీలిస్తేనే తుమ్ములు. అత్తగారు కొంగు ముక్కుకి చుట్టుకుని, కొట్టు లోపల ఫ్యాను కింద కూర్చున్నారు. "మాకు అలవాటేనమ్మా, ఈ ఘాటు లేకపోతే మాకు అన్నం సయించదు" అని నవ్వాడు కొట్టాయన. మెకానిక్కు బానెట్ ఎత్తాడు, కింద పడుకుని చూశాడు, పొగ గొట్టం దగ్గర అరచెయ్యి పెట్టి వాసన చూశాడు. లేచి, "అమ్మా, ఇంజిన్ గుర్రమమ్మా" అన్నాడు.

"గుర్రాలు మాకెందుకురా? ఒంగోలు దాకా మధ్యలో కూలబడకుండా నడిచే గేదె చాలు" అన్నారు అత్తగారు. లేచి వచ్చి, కుండ కొనేటప్పుడు కొట్టి చూసినట్టు తలుపు మీద వేళ్ళతో కొట్టి, మూడుసార్లు తెరిచి మూశారు. మళ్ళీ దగ్గు తెర వస్తే కొట్టులోకి పోతూ నాతో, "నువ్వు కాసేపు కూచుని చూడు" అన్నారు.

నేను వెనక ఎక్కాను. ఎదురుగా బస్తాలు దింపే ముఠా కూలీలు నా వైపే చూస్తున్నారు. నాకు సిగ్గేసి నా వైపు అద్దం పైకి తిప్పేశాను. మిగతా అద్దాలు అప్పటికే ఎక్కించి ఉన్నాయి. బయట మగవాళ్ళు బానెట్ దగ్గర మాట్లాడుకుంటున్నారు. ఎండ కారు మీద పడుతోంది. కాసేపటికి సీటు కింద నుంచి, వెచ్చగా, సన్నగా ఏదో లేచి గొంతు పట్టుకుంది. బయటి ఘాటు ముక్కుని తాకి పోతుంది. ఇది అలా కాదు, లోపలికి దిగి అక్కడే ఉంది. కళ్ళమ్మట నీళ్ళు కారాయి. ఊపిరాడక దిగిపోయాను.

"ఎట్టా ఉంది అమ్మాయ్?" అని కొట్టు గుమ్మంలోంచి అడిగారు అత్తగారు.

మా ఆయన, మెకానిక్కు, కొట్టాయన, ముఠావాళ్ళు, అందరూ నా వైపు తిరిగారు.

"బాగుంది అత్తయ్యా" అన్నాను.

"కళ్ళు అంత ఎర్రగా ఉన్నయ్యేందే?"

నేను నోరు తెరిచేలోపే కొట్టాయన, "యార్డు ఘాటమ్మా, కొత్తవాళ్ళకి అంతే" అన్నాడు. ఆయన అబద్ధం చెప్పలేదు, ఆయనకి అలాగే అనిపించి ఉంటుంది. నాకు మాత్రం నా బదులు ఇంకొకరు జవాబు చెప్పినందుకు ప్రాణం కుదుటపడింది. అదీ రాయాల్సిందే.

కారు కొని ఇంటికి వస్తున్నప్పుడు నాలుగు అద్దాలూ దించుకుని వచ్చాం. చిలకలూరిపేటలో ఆపి నిమ్మసోడాలు తాగాం. అత్తగారు కిటికీ మీద మోచెయ్యి పెట్టుకుని, దాటిపోయే ప్రతి బస్సునీ వేలు పెట్టి చూపిస్తూ, "అదుగో, మనం దాంట్లో నిలబడి పోవాల్సింది" అని చిన్నపిల్లలా సంబరపడ్డారు. గాలికి నెరిసిన జుట్టంతా చెదిరిపోయింది. ఆవిడ అంత సంతోషంగా ఉండటం నేను మళ్ళీ చూడలేదు.

మొదటి వానకి బయటపడింది. ఒంగోలు డాక్టరు దగ్గరికి పోతుంటే జల్లు కొడుతోందని అద్దాలు ఎక్కించాం. మైలు దాటకముందే ఆవిడకి ఆయాసం ఎత్తుకుంది. వానలోనే దించి చెట్టు కింద నిలబెట్టాం. మర్నాడు మెకానిక్కు వచ్చి వెనక సీటు ఊడదీస్తే, కింద ప్రతి సందులోనూ ఎర్రటి పొడి, మిరప గింజలు. కొట్టాయన ఏళ్ళ తరబడి మచ్చుకి చూపే మిరపకాయల సంచులు దాంట్లోనే తిప్పాడట. మెకానిక్కు తల పట్టుకున్నాడు. "ఇంజిన్ చూశానమ్మా, టైర్లు చూశాను. అక్కడ యార్డంతా అదే ఘాటు, ఇది బండిలోదని ఎట్టా తెలుసుద్ది?"

అందరూ అదే అన్నారు. ఎట్టా తెలుసుద్ది?

కుంకుడు రసంతో కడిగాం. నిమ్మచెక్కలతో రుద్దాం. సీట్లకి కొత్త గుడ్డ వేయించాం. పది రోజులు బాగానే ఉండేది, మళ్ళీ ఎండ పడి లోపల వేడెక్కితే ఎక్కడి నుంచో లేచేది. అమ్మేద్దామని మా ఆయన అంటే ఆవిడ ఒప్పుకోలేదు. "చెప్పి అమ్మితే ఎవడూ కొనడు. చెప్పకుండా అమ్మితే ఇంకో ఇంటి ముసలిదాని నోట్లో కారం కొట్టినట్టు." ఆ ఏడు పత్తికి పురుగు తగిలింది. ఇంకో కారు మాటే లేదు. అలాగని ఆవిడ దిగులుపడి కూర్చోలేదు. ఎదురింటావిడ కారు సంగతి అడిగితే, "మా ఇంట్లో ఇద్దరు కోడళ్ళు వదినా. ఒకతి నోరే తెరవదు, ఇంకోతి తెరిస్తే ఘాటు" అని నవ్వేవారు. నవ్వితే దగ్గొచ్చేది. దగ్గుతూనే నవ్వేవారు.

కార్తీకంలో ఒక మధ్యాహ్నం పేపరు చదువుతుంటే నా చేతి మీద చెయ్యి వేసి ఆపారు. "ఆ రోజు నీ కళ్ళు ఎర్రబడింది యార్డు ఘాటుక్కాదు కదా?"

అక్షరాలు అలుక్కుపోయాయి. తిడతారని చూశాను. తిట్టినా బాగుండేది.

"పోనీలే" అన్నారు. "ఈసారి చెప్పు." అంతే. పేపరు మడత విప్పి మళ్ళీ నా చేతిలో పెట్టారు.

పుష్యంలో ఆ రోజు, తెల్లవారి లేచేసరికే ఆవిడకి ఊపిరి అందడం లేదు. నోట్లో కొట్టుకునే మందు కొట్టినా దిగలేదు. మా ఆయన కారు తీశారు. రోడ్డు కనిపించనంత మంచు. అద్దం దించితే చలిగాలికి ఆవిడ ఛాతీ బిగుసుకుపోతోంది. ఎక్కిస్తే మా ముగ్గురి ఊపిరి వేడికే ఆ ఘాటు లేస్తోంది. ఆవిడ మాట్లాడలేక చెయ్యి కిందికి ఊపితే దించాను, పైకి ఊపితే ఎక్కించాను. ఆవిడ మీదుగా వంగి ఆ పిడి తిప్పుతూనే ఉన్నాను. రాళ్ళ లారీలు మంచులోంచి వచ్చి మంచులోకి పోతున్నాయి. ఇంకోసారి చెయ్యి లేస్తుందని చూశాను. పైకా, కిందికా అని చూశాను. లేవలేదు.

చంపింది చలో, కారమో నాకు తెలియదు. డాక్టరు చెప్పలేదు. మా ఆయన చలే అంటారు. ఆయన అలా అన్న ప్రతిసారీ నాకు ఆ కొట్టాయన గుర్తొస్తాడు, నా బదులు జవాబు చెప్పినందుకు.

పదిహేను రోజుల క్రితం పక్కూరి నుంచి ఒకాయన కారు చూడటానికి వచ్చాడు. అమ్ముతున్నట్టు మా ఆయనే కబురు పెట్టారు. ఆయన్నీ తప్పు పట్టలేను. రోజూ ఆ కారు కంటి ముందు ఉంటే ఎవరు మాత్రం భరిస్తారు? వచ్చినాయన వెంట భార్య ఉంది, చంకలో చంటిపిల్ల. ఊరి చుట్టూ కల్లాల్లో మిరపకాయలు ఎండుతున్నాయి, గాలంతా అదే. ఆయన బానెట్ ఎత్తించి, స్టార్ట్ చేయించి, "ఇంజిన్ బాగుందండి" అన్నాడు. భార్యని వెనక కూర్చోమన్నాడు. అరుగు మీద ఊరి మగవాళ్ళు నలుగురు చూస్తున్నారని ఆ అమ్మాయి కొంగు సర్దుకుని, తన వైపు అద్దం పైకి తిప్పుకుంది. ఇంటి తలుపు వెనక నిలబడి నేను చూస్తూనే ఉన్నాను. కాసేపటికి కళ్ళు తుడుచుకుంది. పిల్ల దగ్గింది.

"ఎట్టా ఉంది?" అని ఆయన అడిగాడు.

ఆ అమ్మాయి దిగి, తల వంచుకుంది. ఏం చెప్పబోతోందో నాకు తెలుసు.

"బాలేదు" అన్నాను.

అందరూ నా వైపు తిరిగారు. నేను వాకిట్లోకి వచ్చేశాను. "బాలేదు, తీసుకోవద్దు. కారం సీట్ల కింద ఉంది. కడిగితే పోదు. మా అత్తయ్య ఆస్పత్రిలో పోలేదు, దీంట్లోనే పోయింది." చావిట్లో గేదె తలెత్తి చూసింది. అంత గొంతు నాకుందని నాకే తెలియదు. వినాల్సిన మనిషి లేదు.

వాళ్ళు వెళ్ళిపోయారు. మా ఆయన కారు మీద పట్టా కప్పబోయి, మానేశారు.

కారు ఇంకా వాకిట్లోనే ఉంది. ఆవిడ పోయిన రోజు నేను తిప్పిన తిప్పుడికి అత్తగారి వైపు అద్దం సగంలో ఇరుక్కుపోయింది. పైకీ రాదు, కిందికీ పోదు. మధ్యాహ్నం ఎండెక్కాక ఆ సందులోంచి ఘాటు బయటికి వస్తుంది. వాకిలి దాటి, అరుగెక్కి, ఆవిడ మంచం దాకా వస్తుంది. అక్కడ దగ్గేవాళ్ళు లేరు.