నవమినాడు మాయమైన సాకెట్

ఆ రోజుల్లో కంప్యూటర్ ఆన్ చేయడం వస్తే ఇంజనీరు, పద్ధతిగా ఆఫ్ చేయడం కూడా వస్తే శాస్త్రవేత్త. జగ్గయ్యపేటలో నేను రెండో రకం. మా మేనమామ నడిపే పెళ్ళిసంబంధాల ఆఫీసులో, జాతకాలన్నీ దాచిన డేటాబేస్ సర్వర్‌కి కాపలా కాస్తూ, ఫ్యాను కింద పగటికలలు కనేవాణ్ణి. (రెండింట్లో నా అసలు ఉద్యోగం ఏదో ఎవరూ అడగలేదు.)

ఒక మహర్నవమి మధ్యాహ్నం నందిగామ నుంచి ఒకావిడ కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చింది. ఆ అమ్మాయి కనకాంబరాలు పెట్టుకుని కిటికీ పక్కన కూర్చుంది. సాంబ్రాణి పొగ గదిలో మబ్బులా తేలుతోంది. నా లోపల ఎక్కడో సన్నాయి మొదలైంది. సరిగ్గా అప్పుడే కంప్యూటర్ మొరాయించింది. జాతకాల ప్రోగ్రాం తెరిస్తే సాకెట్ దొరకలేదంటుంది. పోనీ అని సర్వర్‌ని స్టార్ట్ చేయబోతే, నేను నడుస్తూనే ఉన్నాగా అంటుంది.

"మావయ్యా, దీన్ని ఎవరన్నా ముట్టుకున్నారా?"

"ఆయుధపూజ కదరా, తుడిచి బొట్లు పెట్టా. లోపల కూడా 'టెంప్' అని ఏదో చెత్త కనపడితే శుభ్రంగా ఊడ్చేసా."

ఆ చెత్తలోనే ఉంది సాకెట్ ఫైలు. ప్రోగ్రాం సర్వర్ దగ్గరికి వెళ్ళే వీధి తలుపు అది. ఇల్లుంది, లోపల మనిషి మేలుకునే ఉన్నాడు, తలుపే లేదు.

"ఒక్కసారి ఆపి స్టార్ట్ చేస్తే కొత్త తలుపు అదే పెట్టుకుంటుంది మావయ్యా."

"పూజలో కూర్చోబెట్టిందాన్ని దశమి వెళ్ళకుండా ఆపుతారంట్రా? అరిష్టం!"

"అయితే మేం ఇంకోచోట చూసుకుంటాంలెండి," అంటూ ఆవిడ లేవబోయింది.

నేను నోరు మూసుకుంటే చాలు, ఆ అమ్మాయికి ఆ రోజుకి వరుడు దొరకడు. నాకూ కలగనడానికి కాస్త వ్యవధి ఉంటుంది. కానీ తను నా వైపు తిరిగి, "మీకు రాదాండీ దీన్ని బాగుచెయ్యటం?" అంది.

ఇంకేముంది! సెట్టింగుల్లో సాకెట్ ఊసు తీసేసి, అదే మిషన్ నెట్‌వర్క్ అడ్రసూ పోర్టు నంబరూ ఇచ్చాను. పెరటి దారన్నమాట. సర్వర్‌ని ఆపకుండానే జాతకాలు బిలబిలా తెరమీదికి వచ్చాయి. మొదటివాడే హైదరాబాదులో ఉద్యోగస్థుడు, పొంతన దివ్యం.

"నీ చేతి చలవ నాయనా, పెళ్ళికి తప్పకుండా రావాలి," అంది తల్లి. వెళ్ళాను కూడా. (గుత్తొంకాయ బాగా కుదిరింది.)

ఇప్పుడు ఆనాటి నాలోని కుర్రాడు ఎదురైతే, "ఒరే, తెలివి చూపించాల్సిన మధ్యాహ్నం అది కాదురా," అని చెప్పాలనిపిస్తుంది. వినడు. ఆ అమ్మాయి మళ్ళీ అలాగే అడిగితే, మళ్ళీ అంతే సంబరంగా ఆ పెరటి దారే వెతికి పెడతాడు.