మా మేనత్త పెట్టిన పేరు

బంట్వారంలో మా మేనత్త పోయిన బుధవారం పొద్దున కన్నుమూసింది. తొంభై దాటిన మనిషి. నాకు పెంటయ్య అని పేరు పెట్టింది ఆమే.

నాకు ముందు పుట్టిన ముగ్గురు పురిట్లోనే పోయారు. నేను పుట్టగానే ఆమె నన్ను చాటలో వేసి పెంటకుప్ప మీద పడుకోబెట్టి, ఎవరికీ అక్కర్లేని పిల్లవాడని చావును నమ్మించి, తిరిగి ఇంట్లోకి తెచ్చుకుంది. మా వైపు అలా దక్కినవాళ్లకు ఆ పేరే పెడతారు.

తాండూరు బడిలో అది తిట్టయింది. పంతులు జాలిపడి రిజిస్టరులో ప్రకాశ్ అని మారుస్తానన్నాడు. నేను ఎగిరి గంతేశాను. సంగతి తెలిసి మేనత్త గొర్రెల్ని పక్కవాళ్లకు అప్పజెప్పి బస్సెక్కి వచ్చింది.

"సారూ, గా పేరు పెట్టంగనే బతికిండు వీడు. మీ పేరు పెట్టినంక ఏమన్నయితె జవాబు మీరిస్తరా?"

"అందరు నవ్వుతున్నరమ్మా."

"నవ్వనియ్యుండ్రి. సచ్చినోళ్లను జూసి ఎవరు నవ్వరు."

పంతులు కలం మూశాడు. నేను వారం రోజులు ఆమెతో మాట్లాడలేదు.

ఆ కోపం తీర్చిందీ ఆమే. గొర్రెలు అమ్మడానికి కర్ణాటక వైపు సంతకు నన్ను వెంటబెట్టుకుపోయింది. అక్కడ తలపాగా చుట్టిన ఒక పెద్దమనిషి వస్తే అందరూ లేచి "తిప్పణ్ణ" అని పలకరించారు. కన్నడంలో తిప్పె అంటే పెంటకుప్పే.

"జూసినవా అల్లుడా? గీడ నీ పేరుకు దండం పెడుతున్నరు. పేరు మంచిదే. మనోళ్ల చెవులే ఖరాబ్."

ఆ చెవులు ఇంకా బాగుపడలేదు. వికారాబాద్‌లో బడిపంతులుగా రిటైరయ్యాక నేను రాసిన పుస్తకానికి సభ పెట్టిన సాహితీమిత్రులు ఆహ్వానపత్రంలో నన్ను "పి. మాస్టారు" చేశారు. పూర్తి పేరు వేస్తే బాగుండదట. నేను పోలేదు. ఇప్పుడు వాళ్లు మనవలకు పెట్టుకున్న పేర్లకు అర్థం అడిగితే ఫోన్లలో వెతుక్కుంటున్నారు. నా పేరుకు అర్థం నాకు తెలుసు. ఒక ఆడమనిషి నన్ను చావనివ్వలేదు.

పోయిన నెల ఆమెను ఆసుపత్రిలో చేర్చి, తోడున్న మనిషిగా నా పేరు రాయించాం. నర్సు గుమ్మంలో నిలబడి "పెంటయ్య ఎవరు?" అని కేకేసింది. పక్క మంచం దగ్గర ఇద్దరు కుర్రాళ్లు కిసుక్కుమన్నారు. ఇంత చదివి, డెబ్బై దాటి కూడా, ఒక్క క్షణం నేను లేవలేకపోయాను.

మేనత్త కళ్లు తెరవకుండానే జవాబిచ్చింది.

"మా అల్లుడే. పేరు నేనే పెట్టిన."

లేచి నిలబడ్డాను. వార్డంతా నా వైపే చూస్తోంది. సూది గుచ్చిన ఆమె చేయి మాత్రం నా చొక్కా కొసను గట్టిగా పట్టుకునే ఉంది.