భానుచందర్ దినాల పాట

హన్మకొండలో నా ఫ్లెక్సీల దుకాణం పక్క గదిలో భానుచందర్ పాటలు రికార్డు చేస్తాడు. గది అన్నానే గానీ అది నా గోదాము. గోడలకు పాత పరుపులు కొట్టి, ఒక కంప్యూటరు, ఒక మైకు పెట్టుకున్నాడు. ఫ్యాను వేస్తే ఆ చప్పుడు పాటలో పడుతుందని ఎండాకాలంలో కూడా ఆపేస్తాడు. వయసు ఇరవై ఏడు. చూస్తే నలభై అనిపిస్తాడు. పొద్దున పదకొండింటికి ఆవలిస్తూ వస్తాడు, సాయంత్రం ఆరింటికి ఆవలిస్తూ పోతాడు. ఈ మధ్యలో చనిపోయినవాళ్ళ మీద పాటలు కడతాడు.

ఇతను ఒకప్పుడు ర్యాపర్ అంటే మా గిరాకీలు నమ్మరు. కళ్ళారా చూడకపోతే నేనూ నమ్మేవాణ్ణి కాదు.

వీళ్ళది ధర్మసాగర్. తండ్రి పోశయ్య వరంగల్ మార్కెట్లో మిర్చి బస్తాలు మోసే హమాలీ. తల్లి కట్టమ్మ నాట్లకూ కలుపుకూ పోయేది. ఒకసారి ఎవరో యూట్యూబువాళ్ళు వచ్చి నీకీ లయ ఎక్కడిదని అడిగితే, మా నాయిన బస్తా ఎత్తుకొని నడిచే అడుగుల నుంచి వచ్చిందని చెప్పాడు. పచ్చి అబద్ధం. మిర్చి ఘాటుకు పోశయ్య దగ్గుకుంటూ నడుస్తాడు, అందులో ఏ లయా లేదు. భానుకు లయ ఫోనులో దొరికింది. హసన్‌పర్తిలో డిప్లొమా చదివేటప్పుడు రోజూ రెండు బస్సులు మారి పోయేవాడు. ఆ దారంతా చెవుల్లో వైర్లు పెట్టుకుని, అమెరికాలో తన ఈడు పిల్లలు పాడిన ర్యాపులు వినేవాడు. ఒక్క ముక్క అర్థమయ్యేది కాదట.

"అర్థం గాకున్నా కోపం సమజయ్యేదన్నా" అన్నాడు నాతో. ఇది మాత్రం నిజమేనని నా నమ్మకం.

డిప్లొమాలో అతను పాసైన పేపర్ల కన్నా మిగిలిపోయినవి ఎక్కువ. రెండో ఏడు బస్సు పాసు కోసం క్యూలో నిలబడి నిలబడి ఒళ్ళు మండి, ఆ మంటతోనే పాట కట్టాడు. వీడియో చౌరస్తాలో, సరిగ్గా నా దుకాణం ముందే తీశారు. ఒక పూట గిరాకీ దెబ్బతిన్నది. తిట్టడానికి బయటికి వచ్చి, నిలబడి విని, తిట్టకుండానే లోపలికి పోయాను. అతను ఒక్క మాట కూడా నమిలేవాడు కాదు. ఎవరు ఏం చేశారో పేరు పెట్టి చెప్పేవాడు. ఆ పాటను మూడు లక్షల మంది చూశారు. ధర్మసాగర్ బస్సులో అతనికి సీటు ఆపేవాళ్ళు.

ఆ ఊపులో హైదరాబాద్ పోయాడు. ఎవరో కంపెనీవాళ్ళు పిలిచి సంతకం పెట్టించుకున్నారు. మొదట వాళ్ళు ఈ వరంగల్ యాస తగ్గించు, అందరికీ అర్థం కావాలన్నారు. ఏడాది కష్టపడి తగ్గించుకున్నాడు. అంతలో తెలంగాణ యాసకు గిరాకీ వచ్చింది. అప్పుడు, నీ యాస చాలదు, ఇంకా దంచు అన్నారు. మా ఊళ్ళో ఎవరూ మాట్లాడని యాస మాట్లాడించారు. మూడు పాటలు రికార్డు చేసి, ఒకటి బయట పెట్టి, రెండు వాళ్ళ దగ్గరే ఉంచుకున్నారు. తిరిగొచ్చిన భానును బస్టాండులో చూసి, ఏమైందిరా అని అడిగాను. "యాష్టకొచ్చిందన్నా" అన్నాడు. విసుగు, అలసట, వెగటు అన్నీ కలిస్తే మా దగ్గర యాష్ట అంటారు. ఆ మాట అతని నోట్లోంచి ఇప్పటికీ పోలేదు.

తర్వాత పెళ్ళి బరాత్‌లకు పాడాడు. ఎన్నికలొస్తే ఒకే బీటు మీద ఇద్దరు అభ్యర్థులకు పాటలు చేశాడు. రెండు ప్రచార ఆటోలు ఒకే వీధిలో ఎదురుపడినప్పుడు జనం నవ్వారు గానీ అతను నవ్వలేదు.

దినాల పాట ఎట్లా మొదలైందంటే, వాళ్ళ పక్కింటి ముసలాయన పోయినప్పుడు మనసు ఉండబట్టక ఒక పాట చేసి ఇచ్చాడు. అందులో ఆయన కొడుకులు, కోడళ్ళు, కూతుళ్ళు, మనుమల పేర్లు వరసగా చెప్పాడు. పదకొండో రోజు స్పీకరులో అది పెడితే, ఎవరి పేరు వినబడితే వాళ్ళు లేచి పోయి ఫొటో దగ్గర పువ్వు వేశారు. ఎవరూ వాళ్ళకట్లా చెయ్యమని చెప్పలేదు. అది చూసి ఇంకో ఇల్లు, దాన్ని చూసి మరో ఇల్లు. మూడేళ్ళలో మా చుట్టుపక్కల ఊళ్ళలో అదొక ఆచారమై కూర్చుంది. పేరు రాకముందే లేస్తే నలుగురూ అదోలా చూస్తారు. పాటలో పేరే లేనివాళ్ళు లేవనే లేవరు.

జనానికి ఆ పాట ఎంత నచ్చిందంటే అక్షరం మార్చనివ్వరు. కొత్తగా ఏదైనా రాసిస్తే, మా మేనత్త దినాలల్ల పెట్టిందే కావాలంటారు. అందుకని భాను బీటు మార్చడు, చరణాలు మార్చడు, పేర్లు మారుస్తాడు, అంతే. కూతుళ్ళు లేని ఇల్లయితే కూతుళ్ళ వరుస దగ్గర బీటు కోసి, ముందూ వెనకా అతికిస్తాడు. రెండు నిమిషాల పని. ఆడవాళ్ళకైతే పాటంతా నోటికి వచ్చు. ఎవరి వరుస ఎప్పుడొస్తుందో వాళ్ళకు తెలుసు.

ఈ మార్చిలో హసన్‌పర్తిలో కిరాణా నర్సయ్య పోయాడు. పెద్ద కొడుకు ఓంప్రకాశ్, చిన్న కొడుకు శ్యాంసుందర్ ఇద్దరూ వచ్చి, నాకు ఫ్లెక్సీ, భానుకు పాట చెప్పారు. పేర్ల కాగితం ముందే రాసుకొచ్చారు. భాను అది చదివి, "కూతుళ్ళు లేరానే?" అని అడిగాడు.

"గా వరుస అద్దు. కాయితంల ఉన్నయే చెప్పు" అన్నాడు ఓంప్రకాశ్.

రెండు రోజులకు ఒకావిడ వచ్చింది. నలభై దాటి ఉంటాయి, ప్రైవేటు బడిలో టీచరట. పేరు వినోద, నర్సయ్య కూతురు. పంతొమ్మిదేళ్ళ కింద వేరే కులం అతన్ని చేసుకుని కాజీపేటలో ఉంటున్నది. అప్పటినుంచి ఆ ఇంటి గడప తొక్కనివ్వలేదు. దినాలకు వస్తే రానీ, తిని పొమ్మని అన్నలు కబురు పంపారట. ఫొటో దగ్గరికి మాత్రం రావద్దన్నారట.

"పేరు లేకుంట లేస్తే నలుగుట్ల గుంజి కూసోపెడుతరు తమ్మీ" అన్నది. "ఒక్కసారి నా పేరు చెప్పు. బాపు ఫొటో కాడ పువ్వేసి పోత. ఇంకేం అద్దు నాకు."

భాను పేర్ల కాగితం తీసి చూపించాడు. "కాయితం వాళ్ళదక్కా. నేను పేరు వెడితే పాటే ఆపేస్తరు. నిన్ను అందరి ముందట ఇంకింత తక్కువ చేస్తరు."

ఆవిడ బతిమాలలేదు. కాసిని నీళ్ళు అడిగి తాగి, ఆటో ఎక్కి పోయింది. అట్లా పోవడమే నాకు ఎక్కువ బాధ కలిగించింది. అయినా నేను భానుతో ఏమన్నానో దాచను. "మనకెందుకురా? వాళ్ళింటి గొడవ వాళ్ళది. చెప్పినట్టు చేసి ఇచ్చెయ్" అన్నాను. ఆ ఇంటి పెళ్ళిళ్ళకూ చావులకూ ఫ్లెక్సీలు నా దగ్గరే వేయిస్తారు.

"చౌరస్తల నిలబడి పేర్లు వెట్టి చెప్పినోన్నన్నా నేను" అన్నాడు భాను. "గిప్పుడు ఎవ్వలు ఏ పేరు అద్దంటే గా పేరు మింగుతాన. యాష్టకొచ్చింది."

మళ్ళీ చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకున్నాడు. సాయంత్రం పాట అయిపోయిందని నాకు వినిపించాడు. కొడుకుల పేర్లు వచ్చాయి, కోడళ్ళ పేర్లు వచ్చాయి. ఆ తర్వాత గొంతు లేదు. ఎనిమిది దెబ్బలు ఉత్త డప్పు మోగింది. ఆ తర్వాత మనుమలు.

"కొయ్యడం మరిచిపోయినవురా" అన్నాను.

"మరువలే. పేరు అద్దన్నరు, పెట్టలే. బీటు కొయ్యమని ఎవ్వలు చెప్పలే."

వద్దురా అన్నాను. ఫైలు పెన్‌డ్రైవులో వేసుకుని, షట్టరు దించి పోయాడు.

పదకొండో రోజు నేనూ పోయాను. ఇంటి ముందు షామియానా, నర్సయ్య ఫొటో, దాని వెనక నా ఫ్లెక్సీ. ఫొటో పక్కన చాప మీద ఆయన భార్య శారదమ్మ గోడకు ఆనుకుని కూర్చుంది. పదకొండు రోజులుగా ఆమె ఎవరితోనూ మాట్లాడలేదని అనుకుంటున్నారు. వినోద చిట్టచివరి కుర్చీలో ఉంది. చేతిలో ఒక బంతిపువ్వు. అది ఎందుకు తెచ్చుకుందో అనుకున్నాను.

పాట మొదలైంది. ఓంప్రకాశ్ లేచాడు, శ్యాంసుందర్ లేచాడు, పువ్వులు వేసి కూర్చున్నారు. కోడళ్ళు లేచారు. ఆ తర్వాత డప్పు ఒంటరిగా మోగింది. ముందు వరుసలో ఆడవాళ్ళు అలవాటు కొద్దీ "బిడ్డ..." అని పెదవులు కదిపి, పేరు రాక ఆగిపోయారు. ఒకామె వెనక్కి తిరిగింది. ఆమెను చూసి పక్కనామె తిరిగింది. ఎనిమిది దెబ్బలు అయ్యేసరికి షామియానా కింద ఉన్నవాళ్ళందరూ చిట్టచివరి కుర్చీ వైపే చూస్తున్నారు. వినోద తల ఎత్తలేదు. ఓంప్రకాశ్ మొహం ఎర్రబడింది. ఇంతలో మనుమల పేర్లు వచ్చాయి, పిల్లలు లేచారు.

ఆ పాటలో పేర్లు రెండుసార్లు వస్తాయి. మొదటిసారి అందుకోలేని ముసలివాళ్ళ కోసం భాను అట్లా పెట్టాడు. రెండోసారి కొడుకులు, కోడళ్ళు అయిపోయి మళ్ళీ ఉత్త డప్పు మొదలైంది.

"వినోదా" అన్నది శారదమ్మ. "లే బిడ్డా."

గట్టిగా అనలేదు. అంత ఓపిక ఆమెకు లేదు. పాటలో గొంతు లేదు కాబట్టి అందరికీ వినబడింది. వినోద లేచింది. పువ్వు పట్టుకుని ముందుకు నడిచింది. ఓంప్రకాశ్ సగం లేచాడు. పక్కనే ఉన్న శ్యాంసుందర్ అన్న చెయ్యి పట్టుకుని, "కూసో అన్నా, అవ్వ పిలిచింది" అన్నాడు. అప్పటికే మనుమల పేర్లు వస్తున్నాయి. మొదటిసారి పువ్వు వెయ్యని పిల్లలు మేనత్త వెనకాలే ఆగి నిలబడ్డారు. ఆమె పువ్వు వేసి, ఫొటో అంచు మీద చెయ్యి పెట్టి, పాట అయిపోయేదాకా అక్కడే ఉంది.

నేను తల ఎత్తి నా ఫ్లెక్సీ చూశాను. అందులో కుటుంబసభ్యుల ఫొటోల వరుసలో ఒక మనిషికి చోటు మిగిలితే, బాగుండదని అన్నదమ్ముల మొహాలు పెద్దవి చేసి నింపింది నేనే. ఎవరూ చెప్పకముందే నింపాను. నాకు సిగ్గేసింది. అంత మందిలో భోజనానికి కూర్చోబుద్ధి కాలేదు.

భాను వైర్లు చుట్టుకుంటున్నాడు. ఓంప్రకాశ్ వచ్చి, "నువ్వు కావాల్ననే చేసినవ్. ఇగ హసన్‌పర్తిల నీ పాట మోగదు, చూస్కో" అని పోయాడు. భాను తల ఊపాడు. వినోద మా పక్కనుంచే గేటు దాటి పోయింది. బీటు కొయ్యకుండా వదిలింది ఇతనేనని ఆమెకు తెలుసో లేదో, ఇటు చూడలేదు. అతను కూడా పిలవలేదు.

"ఉన్న గిరాకీ పాయె గదరా" అన్నాను స్పీకరు ఒక పక్క పట్టుకుంటూ.

"పోనియ్ అన్నా" అన్నాడు. ఆటోలో స్పీకరు ఎక్కించి, దాని పక్కనే కూలబడ్డాడు. "పదేండ్ల సంది గొంతు చించుకుంటాన. జనం నిజంగ చెవి వెట్టి ఇన్నది నేను నోరు తెరువని గా ఎనిమిది దెబ్బలే."