మేకలతో ఇంటికొచ్చిన కుక్క

సాయంత్రం ఐదు నలభైకి మేకలు ఇంటికి వచ్చాయి. రోజూ వచ్చే వేళే. ముందు ముసలి మేక, దాని వెనక మంద, అన్నిటికంటే చివర కుక్క. నేను బడిలో పాఠాలు చెప్పి వచ్చి చాయ్ పెట్టుకుంటున్నాను. కిటికీలోంచి చూసి, మా ఆయన మేకపిల్లలకు నాలుగు కొమ్మలు కొట్టుకొని వెనక వస్తున్నాడనుకున్నాను. మేకలు దొడ్డిలోకి వెళ్లాయి. కుక్క దొడ్డి వాకిట్లో అడ్డంగా పడుకుంది. నేను చాయ్ తాగాను.

పొద్దు గుంకుతుంటే అత్త బయటికొచ్చి, "వాడేడి?" అని అడిగింది.

ఊరివాళ్లు వెళ్లి వెతికితే వాగు ఒడ్డున తునికి చెట్ల కింద కనిపించాడు. గుండె ఆగిపోయిందన్నారు. నొప్పి తెలిసేంత సమయం కూడా ఉండి ఉండదన్నారు. ఆ రెండో మాట నిజమో, నా కోసం అన్నదో నేను అడగలేదు.

దినాలకు వచ్చిన చుట్టాలందరికీ అత్త ఒకే సంగతి చెప్పింది. "నా కొడుకు ఆడ పడి ఉంటే, ఇది మేకల్ని ఏసుకొని ఇంటికొచ్చింది. గిదేం కుక్క?" విన్నవాళ్లు తలూపారు. మా దిక్కు కుక్క అంటే వేటకుక్క. మనిషి వెంట అడవికి పోతుంది, మనిషి పడిపోతే అక్కడే ఉండి అరుస్తుంది. రాళ్ల మీద జారి కాలు విరిగినప్పుడు తన కుక్క గొంతు పోయేదాకా అరిచి మనుషుల్ని పిలిచిందని ఒకాయన చెప్పాడు. అది విన్న తర్వాత అత్త మా కుక్క వైపు చూడటం కూడా మానేసింది.

ఇది వేటకుక్క కాదు. కచ్ నుంచి గొర్రెలు, ఒంటెలతో నడుచుకుంటూ వచ్చే మందలవాళ్ల కాపలాకుక్కల జాతి. గీదం వైపు పోయినప్పుడు మా ఆయన రోడ్డు పక్కన దిగిన వాళ్ల మంద దగ్గర దీని తల్లిని చూశాడు. పిల్లను సంచిలో పెట్టుకొని బస్సులో తెచ్చాడు. వాళ్లు చెప్పినట్టే పెంచాడు. ఇంట్లోకి రానివ్వలేదు. ఈనిన మేక దగ్గర పాలు తాగనిచ్చాడు. జొన్నరొట్టె, మజ్జిగ దొడ్డి లోపలే పెట్టేవాడు. తల నిమరబోతే నన్ను ఆపేవాడు.

"అది మనది కాదు, మేకలది," అనేవాడు.

పిడుదులు తీసి కానుగనూనె రాయడం, చిరుత గొంతు పట్టకుండా మెడకు వేసిన ఇనుపముళ్ల పట్టీ విప్పి కింద పుండు పడిందేమో చూడటం, ముట్టుకోవడం అంతవరకే. పేరు కూడా పెట్టలేదు. పేరుంటే పిలుస్తాం, పిలిస్తే మన దగ్గరికి వస్తుంది కదా అన్నాడు.

నేను చదివిన కథల్లో కుక్కలు యజమాని సమాధి దగ్గర కూర్చుంటాయి. ఇది మర్నాడు పొద్దున మేకలు అరవగానే లేచి, దొడ్డి తలుపు తీయమని నిలబడింది. దాని ముఖంలో నాకు దుఃఖం కనిపించలేదు.

"ఆయన నేర్పిందే చేసింది, అత్తా," అన్నాను ఒకరోజు.

"నేర్పిండు. తాను సచ్చిపోతున్నా ఇడిసిపెట్టి పొమ్మని గూడ నేర్పిండా?"

ఆమె అడిగిందే నేనూ లోపల అడుగుతూ ఉన్నాను.

సెలవు రోజుల్లో నేను, మిగతా రోజుల్లో అత్త మేకల వెంట తిరిగాం. అత్త మోకాళ్లు వాచాయి. నేను బడిలో కూర్చున్నచోటే నిద్రపోయేదాన్ని. మేకలు అమ్మక తప్పదని ఇద్దరికీ తెలుసు. భోపాల్‌పట్నం నుంచి బేరగాడు వచ్చి చూశాడు. "కుక్కను కట్టేయండమ్మా, మేకల్ని గాడీలో ఎక్కిస్త. కుక్క నాకేం పని?" అన్నాడు. అత్త సరేనంది. నేను వద్దన్నాను. ఒకసారి కాలికి దెబ్బ తగిలి కట్టేస్తే, మంద తిరిగి వచ్చేదాకా అది నీళ్లు కూడా ముట్టలేదు. మేకలు లేని దొడ్డిలో అది బతకదు. మందనూ కుక్కనూ కలిపి తీసుకునే ఇల్లు దొరికేదాకా ఆగుదామన్నాను.

"నీ మొగుణ్ని ఇడిసి వచ్చిన దానికి ఇల్లు దేవులాడుతున్నవా?" అంది అత్త.

చివరికి తర్లగూడ వైపు రైతు ఒకతను వచ్చాడు. చిరుత తన మేకల్ని ఎత్తుకుపోతోందట, మందా కుక్కా రెండూ కావాలన్నాడు. దొడ్డి దగ్గరికి వెళ్లేసరికి కుక్క లేచి పళ్లు చూపింది. అతను వెనక్కి తగ్గి, "అక్కా, మేకలు నీయి గాదు, దీనియే. బేరం దీంతోనే ఆడాలె," అన్నాడు.

తర్వాత అతను రోజూ వచ్చాడు. మాతోపాటు మేకల వెంట తిరిగాడు. రొట్టె తెచ్చి దొడ్డిలో పెట్టి, పక్కకు తిరిగి కూర్చునేవాడు. అత్త గడప మీంచి చూసేది.

"ఏంది, పిల్లను చూసిపోయెటోని లెక్క రోజు వస్తున్నవ్. ఒప్పుకున్నదా?"

"రొట్టె తింటున్నది గని మొకం చూస్తలేదవ్వా."

"నీ మొకం చూస్తె రొట్టె గూడ తినది."

ఒక పొద్దున అతను ముందు నడిచి పిలిస్తే మేకలు కదిలాయి. కుక్క లేచి, ఎప్పటిలాగే చివర నడిచింది. అత్తా నేనూ రోడ్డుదాకా వెళ్లాం. అది వెనక్కి తిరిగి చూడలేదు. చూస్తుందని నేను ఎదురుచూశానని, అది మలుపు దాటాక తెలిసింది.

అత్త కొంగుతో మొహం తుడుచుకుంది. "మనల్ని గూడ అట్లనే ఇడిసిపోయింది," అంది. కాసేపటికి, "వాడు దాన్ని మంచిగనే పెంచిండు," అంది.

ఇంటికి వచ్చి ఇద్దరం పగలంతా పడుకున్నాం.

ఆ రైతు అప్పుడప్పుడు సంతలో కనిపిస్తాడు. కుక్క తింటోందని, చిరుత వచ్చి ఉత్తచేతులతో పోయిందని చెప్పాడు. మెడపట్టీ విప్పి పుండు పడిందేమో చూస్తున్నావా అని అడిగింది అత్తే. చూస్తున్నానన్నాడు.

కొడుకును వదిలేసి వచ్చిన కుక్క అని అత్త ఇప్పుడు ఎవరితోనూ అనడం లేదు.