చక్రం తిరిగింది, గీత కదల్లేదు

నాచారం వైపు నుంచి గాలి మళ్లినప్పుడు ఉప్పల్ మెట్రో స్టేషన్ మెట్ల మీదికి వేయించిన ధనియాల వాసన వస్తుంది. పక్కవాళ్లు ముక్కు నలుపుకుంటారు. నేను గట్టిగా తుమ్మి, నర్సింగరావు సార్‌ను తలచుకుంటాను. నాచారంలోని మా మసాలా పొడుల ఫ్యాక్టరీలో తుమ్మని మనిషి ఆయనొక్కరే.

నేను అక్కడ ప్యాకింగ్ లైన్‌లో చేరాను. ఇంటర్ దగ్గర కాలేజీ చదువు ఆగినా, ఉప్పల్ గ్రంథాలయంలో నా చదువు ఆగలేదు. ఎవరో ఇంజినీరింగ్ విద్యార్థి వదిలించుకున్న గణాంకాల పుస్తకాలు అక్కడ ఉండేవి. వాటి దుమ్ము దులిపిన ఘనత నాదేనని ఇప్పటికీ గర్వంగా చెప్పుకుంటాను. ఒకరోజు భోజనాల వేళ వాటిలో ఒకటి చదువుతుంటే, క్వాలిటీ విభాగం పెద్ద అయిన నర్సింగరావు సార్ వచ్చి ఎదురుగా నిలబడ్డారు.

"ఏందమ్మా స్వరూపా, యావరేజ్‌కు మీడియన్‌కు ఫరక్ ఏంది?"

"యావరేజ్ అందరి మాట వింటది సార్. మీడియన్ వరుసల నడుమ నిలబడ్డోన్ని ఒక్కన్నే అడుగుతది."

ఆయన నవ్వలేదు. "రేపటి సంది నా రూముల కూసో. జర చూస్త. పని రాకపోతే మళ్ల నీ ప్యాకింగ్ లైన్, నీ మాస్కు నీకే," అన్నారు.

ప్యాకెట్ల బరువులను గీతగా చూపించే వెబ్ యాప్ ఒకటి సార్ సొంతంగా తయారు చేసుకున్నారు. లెక్కలన్నీ 'ఆర్' అనే గణాంకాల భాషలో నడిచేవి. పైన షిఫ్టును ఎంచుకునే బూడిదరంగు పెట్టె, కింద గీత. చెప్పేది నిజమే, కానీ చూడడానికి కరెంటు బిల్లులా ఉండేది. అలాంటి యాప్‌కు జావాస్క్రిప్ట్ అనే వెబ్ భాషతో చేసిన బటన్లు, చక్రాలు తెచ్చి తగిలించవచ్చని ఒక పుస్తకంలో చదివాను. చదివాక చేతులు ఊరుకుంటాయా? పెట్టె పీకేసి, వేలితో తిప్పితే రంగులు మారే గుండ్రటి చక్రం పెట్టాను.

సార్ కళ్లద్దాలు పైకి జరిపి చూశారు. "పెండ్లికొడుకు లెక్కున్నది. తిప్పింది లోపల ఆర్‌కు తెలుస్తున్నదా?"

"తెలుస్తది సార్," అన్నాను. పుస్తకంలో ఆ అధ్యాయం దాకా నేనింకా రాలేదు.

యజమాని చూడడానికి వచ్చిన రోజున చక్రం తిప్పే భాగ్యం లైన్ సూపర్‌వైజర్ వెంకటేశ్వర్లు గారికి దక్కింది. ఏలూరు వైపు మనిషి. రాత్రి షిఫ్టులో ప్యాకెట్ల బరువులు ఊగుతున్నాయని సార్ ఎప్పుడూ ఆయన్ను సతాయించేవారు. పొద్దున షిఫ్టు చూపించారు, గీత దాదాపు చదునుగా ఉంది. మధ్యాహ్నానికి తిప్పారు, అదే గీత. రాత్రికి తిప్పారు, అదే.

"చూశారాండీ! ఎటు తిప్పినా గీత కదలట్లేదు! మా లైనంటే ఏమనుకున్నారు మరి?"

యజమాని మురిసిపోయారు. "రాత్రి షిఫ్టుకు కొత్త తూకం మిషన్ అడిగినవు గద నర్సింగరావు, ఇగ అక్కర్లేదు పో. గీ చక్రం చేసిన పిల్లను మాత్రం పర్మనెంట్ చేసుకో."

కానీ గీత మధ్యలో చిన్న బొడిపె ఒకటి ఉంది. మూడు షిఫ్టుల్లోనూ అదే చోట. సార్ దాన్ని చూశారు, తర్వాత నన్ను చూశారు. ఆయన చూపులో కోపం ఉంటే నేను నోరు మెదిపేదాన్ని కాదేమో. కానీ కొత్త లెక్క విప్పబోయే ముందుండే కుతూహలం కనబడింది.

"సార్," అన్నాను. "చక్రం తిరుగుతున్నది గని, ఆ సంగతి ఆర్‌కు తెల్వది. మనం మూడుసార్లూ పొద్దున షిఫ్టునే చూసినం."

వెంకటేశ్వర్లు గారు అప్పటికే లడ్డూలకు మనిషిని పంపారు. "అయ్యో తల్లీ, అవి వచ్చేదాకా ఆగలేకపోయావా?"

"కూసో. సరిచెయ్," అని సార్ తన కుర్చీ నా వైపు జరిపారు. చక్రం ఎక్కడ ఆగిందో ఆర్‌కు కబురు పంపే కోడ్ వరుస ఒకటి రాసి, రాత్రి షిఫ్టుకు తిప్పాను. గీత ఉప్పల్ రోడ్డు మీది ఆటోలా ఎగిరెగిరి పడింది.

"మరి పర్మనెంట్..." అని యజమాని నసిగారు.

"తన చక్రం తప్పు తనే చెప్పింది సార్. గిసొంటి పిల్లను లైన్ మీదికి పంపి, నా రూముల ఎవర్ని పెట్టుకోవాలె?" అన్నారు సార్. తూకం మిషనూ వచ్చింది, నేనూ ఉండిపోయాను.

మర్నాడు చక్రం తీసేయబోతే ఆయనే ఆపారు. "ఉండనీ. వెంకటేశ్వర్లుకు తిప్పుడంటే మస్తు ఇష్టం. గని కింద ఒక ముక్క రాయి. ఆర్ ఏం విన్నదో గా ముచ్చట ఆర్‌తోనే చెప్పియ్యి."

సార్ రిటైరయ్యారు. నేను ఇప్పుడు ఒక ఆఫీసులో ఇలాంటి యాప్‌లే తయారు చేస్తున్నాను. తెర మీద ఎంత సింగారమున్నా, అడుగున చిన్న అక్షరాల్లో 'నాకు అందింది: రాత్రి షిఫ్టు' అన్నట్టు ఒక వరుస ఉంటుంది. అందం చెడుతోంది, తీసేద్దాం మేడం అని డిజైన్ చేసే పిల్లలు ప్రతిసారీ అడుగుతారు. నేను వాదించను. ఆ వరుస దాచేసి, లోపల ఆర్‌కు వెళ్లే కబురు కూడా ఆపేసి, తిప్పి చూడమంటాను. తిప్పుతారు, మళ్లీ తిప్పుతారు. "డేటా భలే స్టేబుల్‌గా ఉంది మేడం!" అని ఎవరో ఒకరు సంబరపడేదాకా చేతులు కట్టుకుని నిలబడతాను.